సర్వాయి పాపన్న జీవితము

సూర్యాపేటనుండి తిరుమలగిరి మీదుగా జనగామకు పోయి, అక్కడ ఓరుగల్లు బాట పట్టినవారికి కొంత దూరములోనే ఖిలాషాపురమను గ్రామము తగులును. ఆ గ్రామమున బురుజులతో గూడిన రాతికోట యొకటి నేటికిని నిలిచియున్నది. మఱికొంత దూరమున తాటికొండ యను నూరును, ఆ యూరి గుట్టమీద మఱియొక కోటయు గలవు. ఈ కోటలలో నుండి మొగలాయి ప్రభుత్వమును పది యేండ్లపాటు నిద్రపోనీయనివాడు రాజు కాడు, రాజబంధువును కాడు. మోకు, ముస్తాదులతో తాటిచెట్లెక్కి జీవించు గీతవృత్తివారి యింట బుట్టిన సామాన్యుడు. అతడే సర్వాయి పాపన్న. పాపడనియు అతనికి వాడుక.

విద్యార్థులారా! సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములనుండి వచ్చి మన తరగతులలో కూర్చున్న పిల్లలలో గీతవృత్తివారి బిడ్డలు పెక్కుమంది యున్నారు. పాపన్న పేరెత్తగానే వారి కన్నులు మెఱయును. మెఱయుటయు న్యాయమే. చరిత్రపుస్తకములందు రాజుల పేర్లు, మంత్రుల పేర్లు, దండనాయకుల పేర్లు బారులు తీరియుండగా, తమ తాతల పేరు వంటి పేరొకటి కనబడినప్పుడు ఎవనికి సంతోషము కలుగదు? అయినను పాపన్న జీవితమును మొదటినుండి తుదివఱకు చదివినవాడు ఆ సంతోషముతోనే గ్రంథమును మూసివేయలేడు. ఆ సంగతి దాచిపెట్టి పిల్లలకు సగము కథ చెప్పుట ఉపాధ్యాయుని పని కాదని తలంచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

పాపన్నను గూర్చి మనకు తెలిసినదంతయు రెండు త్రోవలలో వచ్చినది. మొదటిది పారసీక చరిత్రకారుడగు ఖాఫీఖాను వ్రాసిన గ్రంథము. ఇతడు మొగలాయి కొలువులోనివాడు. కల్లు గీయువాడొకడు పల్లకి యెక్కుటను ఇతడు సహింపజాలడు. ఆ యసహ్యము ప్రతి పుటయందును కనబడును. రెండవది మన పల్లెలలో గాయకులు తరతరములుగా పాడుచు వచ్చిన కథ. బోయిలను ఆంగ్లేయుడు 1874లో ఇట్టి పాఠము నొకదానిని అచ్చులో ప్రకటించెను. పాటలో పాపన్న వీరుడు, గ్రంథములో దొంగ. 1980లో వెల్చేరు నారాయణరావుగారును, రిచర్డ్సు అను చరిత్రకారుడును కలిసి ఈ రెండిటిని ప్రక్కప్రక్కన పెట్టి పరిశీలించిరి. 2005లో ఈటన్ అను పండితుడు దక్కను చరిత్రను ఎనమండుగురి జీవితముల ద్వారా చెప్పుచు, ఆ యెనమండుగురిలో పాపన్నకు స్థానమిచ్చెను. శత్రువు వ్రాసినదంతయు అబద్ధము కాదు. అభిమాని పాడినదంతయు నిజమును కాదు. ఈ మాట మనసునందుంచుకొని ముందునకు పోవుదము.

పాపన్న యువకుడుగా నుండిన కాలమున దేశము నెమ్మదిగా లేదు. 1687లో ఔరంగజేబు గోలకొండను పట్టుకొనెను. తానీషా చెఱలో పడెను. గోలకొండ సుల్తానుల క్రింద బ్రదుకుచున్న దేశ్ముఖులు, జమీందారులు, కోటల కాపరులు, పన్ను వసూలుచేయువారు ఎవరికి లోబడవలెనో యెఱుగని స్థితికి వచ్చిరి. క్రొత్త దొరలు దూరమునుండి వచ్చినవారు. పన్ను కావలెనేగాని పల్లె సంగతి వారికి పట్టదు. దక్షిణమున యుద్ధములు తెగకుండెను. ఇట్టి కాలమున బలము గలవాడు బాటమీద నిలిచిన, అతడు దొంగయో, కావలివాడో, చిన్న రాజో చెప్పుట కష్టము.

పల్లెపాటలో పాపన్న తల్లి సర్వమ్మ. ఆమె కొడుకును కులవృత్తిలోనికి దిగుమని కోరును. అతడు లొట్టి మోయుటకు ఒప్పుకొనడు; గోలకొండ మీదనే కన్నువేయును. పాట ఈ కోరికను మెచ్చుకొనును. నేనును తప్పుపట్టను. తాటిచెట్టు క్రింద పుట్టినవాడు తాటిచెట్టు మీదనే చావవలెనని యే శాస్త్రమును విధింపలేదు. కాని ఆ కోరికకు పెట్టుబడి యెక్కడనుండి వచ్చెను? పాట చెప్పని యీ సంగతిని ఖాఫీఖాను చెప్పుచున్నాడు. పాపన్నకు సోదరి యొకతె యుండెను. ఆమె విధవ, కలిగినది. పాపన్న తన యనుచరులతో ఆమె యింట బడి, ఆమెను బాధించి, ధనమును నగలను దోచుకొనెను. ఆ సొమ్ముతో మనుష్యులను కూర్చుకొని, తాటికొండ గుట్టమీద కోటవంటి దొకటి కట్టి, హైదరాబాదు ఓరుగల్లు బాటమీద వర్తకులను దోచుట మొదలుపెట్టెను. శత్రువు వ్రాసిన మాట గనుక కొంత పెంచి వ్రాసియుండవచ్చును. అయినను పాపన్న తుదిరోజుల కథ చదివినప్పుడు ఈ మొదటి పని మాటిమాటికి జ్ఞప్తికి వచ్చుచుండును.

ఆ చుట్టుపట్ల ఫౌజుదారులును జమీందారులును అతనిని తఱిమికొట్టిరి. అతడు పడమటికి చాల దూరము పోయి, కౌలాసు జమీందారుడగు వెంకటరావు కొలువులో జమేదారుగా చేరెను. అక్కడ నెమ్మదిగా నుండినచో మఱియొక బ్రదుకు బ్రదికియుండునేమో. కాని పాత యలవాటు విడువలేదు. కొలువులో నుండియే బాటలు కొట్టెను. వెంకటరావు అతనిని పట్టి చెఱసాలలో వేయించెను. కొన్ని నెలల తరువాత జమీందారుని కుమారునికి జబ్బుచేసెను. బిడ్డడు బ్రదుకవలెనని తల్లి పుణ్యకార్యముగా చెఱలోనివారి నందఱిని విడిపించెను. పాపన్న అట్లు బయటపడెను. ఎవరో తల్లి కన్నీటివలన దొరకిన విడుదల అది.

తిరిగి వచ్చి అతడు చేరినచోటు షాపురము. అదియే నేటి ఖిలాషాపురము. అక్కడ అతనికి సర్వడను స్నేహితుడు తోడయ్యెను. ఇద్దఱును కలిసి కోట కట్టిరి. ఈ దశలో పాపన్న చుట్టును చేరినవారి పేర్లు పల్లెపాటలో చక్కగా నిలిచియున్నవి. అందు చాకలివాడు, మంగలివాడు, కుమ్మరి, మేదరి, ఎఱుకలవాడు, యానాది, దూదేకులవాడు, తురకలు అందఱును గలరు. మతము వేఱు, కులము వేఱు, అన్నము ఒకటి. ఆనాటి దేశమున యే రాజసభయందును ఇట్టి పంక్తి కూర్చుండియుండదు. పాపన్న జీవితములో నాకు మిక్కిలి నచ్చిన భాగమిది. అతనిని గూర్చి గర్వపడదలచిన బాలుడు కోటలను గాక ఈ పంక్తిని చూచి గర్వపడవలెనని నా యభిప్రాయము.

షాపురము దోపిడులు హైదరాబాదుకును, అక్కడనుండి ఔరంగజేబు చెవికిని చేరినవి. హైదరాబాదు ఉపపాలకుడగు రుస్తుందిలుఖాను, కొలనుపాక ఫౌజుదారుడగు ఖాసింఖాను అను పఠానును అతనిమీదికి పంపెను. కొలనుపాక మన పాత నల్లగొండ జిల్లాలోనిది; అక్కడి జైనదేవాలయమును విహారయాత్రలో చూచిన పిల్లలు మీలో కొందఱుందురు. ఖాసింఖాను పోరులో చనిపోయెను. అంతట రుస్తుందిలుఖాను స్వయముగా వచ్చి రెండు నెలలు ముట్టడించెను. పాపన్నయు సర్వడును తప్పించుకొని పోయిరి. ఖాను కోటను పడగొట్టి మరలిపోగానే ఇద్దఱును తిరిగివచ్చి, ఈమాఱు రాతితోను సున్నముతోను గట్టికోట కట్టి ఫిరంగులు నిలిపిరి. పరుగెత్తుటలో కలిసి పరుగెత్తి, కట్టుటలో కలిసి కట్టిన స్నేహమిది.

తరువాత జరిగినది విచారకరము. పాపన్నకు సర్వడొక కుడిభుజమైనచో, పుర్‌దిల్‌ఖాను మఱియొక భుజము. ఈ యిద్దఱికిని వైరము పుట్టెను. ద్వంద్వయుద్ధమునకు దిగి ఇద్దఱును ప్రాణములు విడిచిరి. ఆ దినముతో పాపన్నకు పోటీయనువాడు లేకపోయెను; వద్దని చెప్పగలవాడును లేకపోయెను. అమెరికాదేశపు పడమటి సీమను గూర్చిన పాత చలనచిత్రములను చూచినవారికి ఇట్టి కథ క్రొత్తకాదు. గుఱ్ఱములు, తుపాకులు, ఒంటరిబాట, ఒకే కంచమున తిన్న స్నేహితులు, వారి నడుమ పెరిగిన యాశ, తుదకు ఒకరి కెదురుగా ఒకరు నిలుచుట. ఆ చిత్రములందు న్యాయాధికారియు లంచమునకు లొంగుచుండును. దానికొఱకు మనము సముద్రము దాటి పోనక్కఱలేదు. 1707లో రుస్తుందిలుఖాను రెండవమాఱు షాపురమును ముట్టడించెను. రెండు మూడు నెలలు గడచెను. తుదకు పాపన్నయొద్ద పెద్దమొత్తము పుచ్చుకొని ముట్టడి నెత్తి వెళ్లిపోయెను. దొంగను పట్టవచ్చినవాడు దొంగసొమ్ములో పాలు తీసికొని పోయినాడన్నమాట.

అదే సంవత్సరమున ఔరంగజేబు మరణించెను. కుమారులు సింహాసనమునకై పోరాడిరి. కడపటి కుమారుడు కాంబక్షు తానే పాదుషానని చాటుకొనెను. రుస్తుందిలుఖాను 1708లో కాంబక్షు చేతిలో ఘోరముగా ప్రాణములు కోల్పోయెను. బాటలు కాచువాడు లేడు. పాపన్నకు ఇదియే యదను.

1708 ఏప్రిలు 1వ తేదీ. మొహర్రము పండుగ పదవనాటి ముందురాత్రి. ఓరుగల్లు నగరమున కావలివారు పీరుల సందడిలో మునిగియుండిరి. పాపన్న రెండు మూడువేల కాల్బలముతోను, నాలుగైదు వందల గుఱ్ఱములతోను వచ్చిపడెను. కొందఱు బాటలను మూసివేసిరి. కొందఱు త్రాళ్ల నిచ్చెనలతో గోడలెక్కిరి. రెండు మూడు దినములు దోపిడి సాగెను. రూకలు, వస్త్రములు, ఓరుగల్లు పేరెన్నికగన్న తివాచీలు అన్నియు పోయెను. సొమ్ము పోయినది మఱల వచ్చును. పాపన్న సొమ్ముతో తృప్తిపడలేదు. కలిగిన కుటుంబముల స్త్రీలను, పిల్లలను వేలకొలది పట్టుకొనిపోయెను. నగర న్యాయాధికారి భార్యయు కుమార్తెయు వారిలోనుండిరి. షాపురము కోట వెలుపల వారికొఱకై ప్రత్యేకముగా గోడకట్టి, అందు నిర్బంధించి, విడుదలకు సొమ్ము అడిగెను.

రెండు నెలలకు, జూన్ 1వ తేదీన, ప్రవక్త జన్మదినపు ముందురాత్రి, భువనగిరిమీద పడెను. ఆ ఏకశిలపైనున్న కోట అతనికి దక్కలేదు. క్రింది పట్టణము మాత్రము దోపిడియయ్యెను. అక్కడినుండియు మనుష్యులను చెఱపట్టిరి. రెండు పట్టణములపైకిని పండుగరాత్రులే ఎంచుకొనుట యుక్తియే. ఆ యుక్తిని మెచ్చుకొనువారు గలరు. పండుగకు క్రొత్తబట్ట కట్టుకొని యింటిలో కూర్చున్న పిల్లను తలచుకొనినచో నాకు మెచ్చుకొనుటకు నోరురాదు.

ఈ సొమ్ముతో పాపన్న రాజలక్షణములు తెచ్చుకొనెను. తీరమున కొట్లు పెట్టుకొనిన ఆంగ్లేయ, డచ్చి వర్తకులయొద్ద తుపాకులు కొనెను. పల్లకి, ఏనుగు, అంగరక్షకులు వచ్చిరి. ధాన్యము మోయు బంజారీల బిడారునొకదానిని పట్టుకొని, వారి యెడ్లను వేలకొలది తన పొలములు దున్నుటకు పెట్టెను. ఈ పని గమనింపదగినది. బాటదొంగ ఎద్దులను అమ్ముకొనును. పాపన్న అఱకకు కట్టెను. అతనికి కావలసినది దోపిడిసొమ్ము మాత్రమే కాదు, పైరు, పల్లె, పన్ను, రాజ్యము. దేశ్ముఖులు పుట్టుకతో పొందినదానిని అతడు బలముతో పొందగోరెను. అందుచేతనే పుట్టుకతో పొందినవారు, మతభేదము లేక, అతనిని ద్వేషించిరి. తురక ఫౌజుదారులును హిందూ జమీందారులును అతనికెదురుగా ఒకే శిబిరమున నిలిచిరి. ఇతనిది మతపోరాటమని చెప్పువారు ఈ సంగతి మఱచుచున్నారు.

1709 జనవరిలో బహదూరుషా దక్షిణమునకు వచ్చి, హైదరాబాదు చెంత తమ్ముడగు కాంబక్షును ఓడించెను. కాంబక్షు గాయములతో మరణించెను. విజేతయగు పాదుషా హైదరాబాదులో దర్బారు తీర్చెను. ఆ దర్బారునకు పాపన్న వచ్చెను! పదునాలుగు లక్షల రూపాయలు నజరానాగా సమర్పించి, సేనలకు ధాన్యాదులు అందజేసెను. పాదుషా అతనికి ఖిల్లతు కప్పించెను. నిండు కొలువులో, ఉన్నతకులీనుల నడుమ, తాటికొండ గీతకాని బిడ్డ భుజములమీద మొగలు చక్రవర్తి వస్త్రము పడెను. పాపన్న కోరిక ఆ క్షణమున ఈడేఱెనని చెప్పవలెను. ఆ పదునాలుగు లక్షలు ఎవరి యిండ్లనుండి వచ్చినవో పాదుషా అడుగలేదు. ఆ సమయముననే షాపురము గోడలలోపల ఓరుగల్లు స్త్రీలు కూర్చుండియుండిరి.

అడిగినవారు మఱియొకరు. షా ఇనాయతు అను పెద్దమనిషిని ముందిడుకొని, తమవారు చెఱలోనున్న కుటుంబములవారు పాదుషా నాశ్రయించిరి. ఇచ్చిన ఖిల్లతు ఎవరికిచ్చితివో చూచుకొమ్మని వారి మొఱ. పాదుషాకు సిగ్గు కలిగెను. అయినను కల్లుగీయువానిమీదికి తాను స్వయముగా పోవుట తన గౌరవమునకు తక్కువని భావించెను. వానిచేతి సొమ్ము పుచ్చుకొనుట మాత్రము తక్కువ కాలేదు. హైదరాబాదు సుబేదారుగా యూసఫుఖానును నియమించి, పని అతనికప్పగించి ఉత్తరమునకు మరలెను. యూసఫుఖాను దిలావరుఖాను అను సేనానిని ముందుగా పంపెను.

అయితే షాపురము కోటను తెఱచినది దిలావరుఖాను కాదు, పాపన్న భార్య. ఆమె యన్న ఒక ఫౌజుదారు. పాపన్న అతనిని పట్టి తన కోటలోనే చెఱవేసియుండెను. బావమఱదిని సంకెళ్లలో పెట్టి, అతని చెల్లెలిచేతి వంట తినుచుండెను! పాపన్న పొరుగు జమీందారునిమీదికి దండెత్తిపోయినప్పుడు ఆమె భోజనపు గిన్నెలలో ఆకురాళ్లు దాచి అన్నకు పంపెను. సంకెళ్లు కోయబడెను. చెఱలోనివారు తిరుగబడి కావలివారిని లొంగదీసికొని కోటను పట్టుకొనిరి. పాపన్న ఉరుకున తిరిగివచ్చునప్పటికి అతని ఫిరంగులే అతనిమీద మ్రోగెను. తడిసిన ఎనుపతోళ్లు అడ్డుపెట్టుకొని తలుపులకు నిప్పంటించి లోనికి చొఱబడ జూచెను గాని ఫలింపలేదు. ఇంతలో దిలావరుఖాను సేన వచ్చెను. పాపన్న తాటికొండకు పాఱిపోయెను. చెఱలోనివారు ఇండ్లకు చేరిరి.

తాటికొండ ముట్టడి 1710 మార్చివఱకు సాగెను. యూసఫుఖాను స్వయముగా వచ్చెను. చుట్టుపట్ల జమీందారులు వేలకొలది బలగముతో అతనికి తోడయిరి. గుట్ట యెక్కుటకు వీలుకాలేదు. అప్పుడు ఖాను ఒక మాట చాటించెను. కోట వదలి వచ్చిన ప్రతి సైనికునికిని రెండింతలు జీతము. ఆకలిగొన్నవారు ఒకరొకరుగా దిగిపోయిరి. చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి కూర్చున్న ఆ పంక్తి ఇట్లు విఱిగెను. దిగినవారిని నేను ద్రోహులనను. సర్వడు బ్రదికియుండినచో దిగియుండునా అని మాత్రము అడుగ బుద్ధిపుట్టును. సొమ్ముతో కూర్చినవారు ఎక్కువ సొమ్ముకు పోయిరి. స్నేహముతో కూర్చినవాడు అంతకు మునుపే నేలకొరిగెను.

మందుగుండు తీఱిపోయిన తరువాత పాపన్న వేషము మార్చుకొని, ఒక వాకిట చెప్పులు విడిచి, మఱియొక వాకిట బయటపడెను. విడిచిన చెప్పులను చూచి శత్రువులు అటు పరుగెత్తవలెనని అతని ఎత్తు. కాలికి గాయమయ్యెను. కుంటుచు హసనాబాదను నూరు చేరి, కల్లు అమ్ముచోట కూర్చుండెను. దేశమంతయు తిరిగి, పాదుషా దర్బారులో నిలిచి, తుదకు అలసట తీర్చుకొనుటకు అతడు చేరినది తాటికల్లు చెంతకే. కల్లు అమ్మువాడు అతని మాటతీరును, వాలకమును చూచి పోల్చుకొనెను. మేలైన కల్లు తెచ్చెదనని నెపము చెప్పి వెళ్లి, ఫౌజుదారునకు తెలిపెను. మూడువందల మందితో వచ్చిన ఆ ఫౌజుదారు మఱెవరో కాదు. సంకెళ్లు తెంచుకొనిపోయిన బావమఱదియే.

దాచిన ధనమెక్కడనని కొన్ని దినములు ప్రశ్నించి, తరువాత యూసఫుఖాను అతనిని వధింపజేసెను. శిరస్సును పాదుషాకు పంపి, మొండెమును హైదరాబాదు నగరద్వారమునకు వ్రేలాడగట్టించెను. ఖిల్లతు కప్పిన సంవత్సరమునకు కొంచెము మీదుగా జరిగిన సంగతి ఇది.

ఆనాడు ముట్టడిలో అతనికెదురుగా నిలిచిన జమీందారులపై పల్లెలలో ఎవరును పాట కట్టలేదు. పాపన్నకు కట్టిరి. తెలంగాణ ప్రభుత్వము 2022 నుండి ఆగస్టు 18వ తేదీన అతని జయంతిని అధికారికముగా జరుపుచున్నది. మన పాఠశాలలో ఆ దినమున మాటలాడదలచిన బాలురు గీతవృత్తివాని ధైర్యమును గూర్చి నిండుగా మాటలాడుదురుగాక. ఓరుగల్లు చెఱనుండి ఇల్లు చేరినవారిని గూర్చియు, అన్నకు ఆకురాళ్లు పంపిన ఆ భార్యను గూర్చియు మాటలాడుటకు ఒకరిద్దఱు బాలికలు ముందుకు వచ్చినచో నాకు సంతోషము. కోట చూడగోరువారు ఎండలు ముదరకముందే పోవుట మంచిది. మిర్యాలగూడ పిల్లలు సూర్యాపేటకు వచ్చి అందఱితో కలిసి బయలుదేఱవచ్చును.